నొప్పి మాత్ర ఎన్నాళ్లు వేసుకోవాలో కూడా రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీలో మోకాళ్ల నొప్పులు, నడుం నొప్పి, మెడ నొప్పి గురించి తరచూ వ్యాసాలు వస్తుంటాయి. చాలామంది కత్తిరించి దాచుకుంటారు కూడా. వ్యాయామాలైతే బొమ్మలతో సహా వివరంగా వేస్తారు. మందుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్క వాక్యంతో సరిపెట్టేస్తారు, నొప్పి మాత్రలు భోజనం చేశాక డాక్టర్ సలహా మేరకు వాడాలి అని. నేను ఫార్మసిస్టుని. ఆ వాక్యం తప్పనడం లేదు, చాలదంటున్నాను. ఎందుకంటే అది చదివినవాళ్లలో చాలామందికి అర్థమయ్యేది "తిని వేసుకుంటే ఏమీ కాదు" అని, ఆ ధైర్యంతోనే ఐదు రోజులకు రాసిన మాత్ర నెలల తరబడి నడుస్తూ ఉంటుంది.

నేను చెప్పేది డాక్టర్ చీటీ మీద రాసే వాపు, నొప్పి మందుల గురించి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, నాప్రోక్సెన్, ఐబుప్రోఫెన్, ఇండోమెథసిన్, పైరాక్సికామ్, మెలాక్సికామ్, ఎటోరికాక్సిబ్, సెలికాక్సిబ్, ఇవన్నీ ఒకే కుటుంబం. పారాసెటమాల్ ఈ కుటుంబంలోది కాదు, అది నొప్పినీ జ్వరాన్నీ తగ్గిస్తుంది గానీ వాపు మీద పెద్దగా పనిచేయదు. దాని జాగ్రత్తలు వేరు. ఈ తేడా తెలియక అన్నిటినీ "నొప్పి గోళీ" అనేయడం దగ్గరే సగం ఇబ్బంది మొదలవుతుంది.

ముందు ఆ "తిని వేసుకోవడం" సంగతి చూద్దాం. ఈ మందులు ఎలా పనిచేస్తాయో 1971లో జాన్ వేన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఆస్పిరిన్ మీద పరిశోధన చేసి చూపించారు. శరీరంలో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారవుతాయి, నొప్పికీ వాపుకీ అవి ఒక ముఖ్య కారణం, ఈ మందులు వాటి తయారీని ఆపేస్తాయి. ఈ పనికే ఆయనకు 1982లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. అయితే అదే ప్రోస్టాగ్లాండిన్లు కడుపు లోపలి పొరను ఆమ్లం నుంచి కాపాడుతుంటాయి, కిడ్నీలకు రక్తం సరిగ్గా అందేలా చూస్తుంటాయి. మోకాలి దగ్గర ఆపి కడుపు దగ్గర వదిలేయడం మాత్రకు తెలియదు. మాత్ర నేరుగా తగిలి కడుపులో మంట పుట్టడం ఒక ఎత్తు, అది తినడం వల్ల కొంత తగ్గుతుంది. కానీ మందు రక్తంలో కలిసి తిరిగి వచ్చి కడుపు పొర కాపలాను తీసేయడం ఇంకో ఎత్తు, అది మీరు ఎంత తిన్నా ఆగదు. అందుకే "ఇంజెక్షన్ వేయించుకుంటే కడుపుకి ఏమీ కాదు" అనే మాట కూడా నిజం కాదు. ఏ దారిన లోపలికి వెళ్లినా రక్తంలో కలిశాక అది చేసే పని అదే.

పుండు పడితే నొప్పి తెలుస్తుంది కదా, అప్పుడు ఆపేద్దాంలే అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ మాత్రల వల్ల పడే పుండ్లు చాలాసార్లు ముందుగా ఏ నొప్పీ లేకుండానే రక్తం కారడం దాకా వెళ్తాయి. అప్పుడు కనిపించే గుర్తు నల్లటి విరేచనం, తారులా జిగటగా, మామూలు కంటే ఎక్కువ దుర్వాసనతో ఉంటుంది. లేదా కాఫీ పొడిలా కనిపించే వాంతి. రక్తం మాత్రలు, అంటే ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్లకు ఎలాగూ విరేచనం నల్లగానే వస్తుంది కాబట్టి వాళ్లు దీన్ని పట్టించుకోరు, అక్కడ ఆలస్యం జరిగిపోతుంది. ఐరన్ వాడుతూ నొప్పి మాత్ర కూడా వాడేవాళ్లు విరేచనం తీరు మారి జిగటగా వస్తున్నా, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నా, ఐరన్ మీదకు నెట్టేయకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మరుసటి రోజు ఉదయం దాకా ఆగే విషయం కాదది.

అరవై ఐదేళ్లు దాటినవాళ్లు, ఇంతకు ముందు కడుపులో పుండు పడినవాళ్లు, స్టెరాయిడ్లు వాడేవాళ్లు, గుండె కోసం చిన్న ఆస్పిరిన్ గానీ రక్తం పలచబడే మందులు గానీ వాడేవాళ్లు, డిప్రెషన్‌కి కొన్ని రకాల మాత్రలు వాడేవాళ్లు, మద్యం తాగేవాళ్లు, వీళ్లందరికీ రక్తం కారే ప్రమాదం ఎక్కువ. నొప్పి మాత్ర తప్పనిసరైతే ఇలాంటివాళ్లకు చాలావరకు డాక్టర్లు ఒమెప్రజోల్ లేదా పాంటోప్రజోల్ లాంటి గ్యాస్ మాత్ర కలిపి రాస్తారు. దాన్ని కూడా నొప్పి మాత్రతో కలిపి భోజనం చేశాకే మింగేస్తుంటారు జనం! అది భోజనానికి అరగంట ముందు, పరగడుపున వేసుకోవాల్సిన మాత్ర, అప్పుడే దాని పని అది సరిగ్గా చేస్తుంది. ఇంకో మాట, ఈ గ్యాస్ మాత్ర కాపాడేది కడుపునీ, చిన్నపేగు మొదటి భాగాన్నీ మాత్రమే. కిడ్నీకీ గుండెకీ దానితో ఏ రక్షణా లేదు. "గ్యాస్ మాత్ర వేసుకుంటున్నాగా" అని నొప్పి మాత్ర రోజులు పొడిగించేవాళ్లకు ఇది గట్టిగా చెప్పాలి.

ఈమధ్య ఒక పెద్దాయన, మందులు ఎక్కువైపోయాయి, ఏది ఎప్పుడు వేసుకోవాలో ఒకసారి చెప్పమ్మా అని సంచి తెచ్చి బల్ల మీద కుమ్మరించారు. అందులో రెండు నొప్పి మాత్రల స్ట్రిప్పులున్నాయి. ఒకటి మోకాళ్లకు ఎముకల డాక్టర్ రాసింది, రెండోది పంటి నొప్పికి పళ్ల డాక్టర్ రాసింది. పేర్లు వేరు, రంగులు వేరు, కాబట్టి ఆయన దృష్టిలో అవి రెండు వేర్వేరు మందులు. స్ట్రిప్పు వెనక్కి తిప్పి, పెద్ద పేరు కింద సన్నటి అక్షరాలు చదివితే రెండూ డైక్లోఫెనాకే. ఒకటి 75 మిల్లీగ్రాములది పూటకొకటి చొప్పున రోజుకు రెండు, ఇంకోటి 50 మిల్లీగ్రాములది రోజుకు మూడు. పెద్దవాళ్లకు సాధారణంగా రోజు మొత్తం మీద 150 దాటకూడని మందు ఆయన ఒంట్లోకి 300 వెళ్తోంది. ఎవరూ తప్పు రాయలేదు, ఒకరు రాసింది ఇంకొకరు చూడలేదంతే. ఇంకా ఆ రెండో స్ట్రిప్పు చివర కత్తిరించేసి ఉంది, ఒక్క మాత్ర వెనకే మందు పేరు పూర్తిగా మిగిలింది, అది కూడా వాడేసి ఉంటే నాకూ తెలిసేది కాదు. అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్లందరికీ చెబుతుంటాను, పేరున్న వైపు ముక్కను చివరిదాకా ఉంచండి, మాత్రలు అవతలి వైపు నుంచి తీసుకోండి అని.

అదే సంచిలో బీపీ మాత్ర కూడా ఉంది. టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయాజైడ్ రెండూ కలిసిన ఒకే మాత్ర. ఇక్కడే నేను ఈ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యం అనుకుంటున్న సంగతి ఉంది. కిడ్నీలో వడపోత సరిగ్గా జరగాలంటే నీళ్ల పైపులో లాగే లోపల తగినంత ఒత్తిడి ఉండాలి. రక్తం లోపలికి వచ్చే సన్నటి నాళాన్ని తెరిచి ఉంచేది ప్రోస్టాగ్లాండిన్లు, నొప్పి మాత్ర వాటిని ఆపి ఆ నాళాన్ని బిగిస్తుంది. టెల్మిసార్టన్, లోసార్టన్, రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటి బీపీ మందులు రక్తం బయటకు వెళ్లే నాళాన్ని వదులు చేస్తాయి. హైడ్రోక్లోరోథయాజైడ్, ఫ్రూసెమైడ్ లాంటి మూత్రం ఎక్కువ పోయించే మందులు ఒంట్లో ఉన్న నీటినే తగ్గిస్తాయి. మూడూ ఒకేసారి కలిస్తే వడపోతకు ఒత్తిడే మిగలదు. కిడ్నీ కొద్ది రోజుల్లోనే దెబ్బతినొచ్చు. దానికి తోడు వాంతులో, విరేచనాలో, గట్టి జ్వరమో వచ్చి ఒంట్లో నీరు తగ్గితే పరిస్థితి ఇంకా త్వరగా చేయి దాటుతుంది. చూడటానికి బీపీ మాత్ర ఒకటే కాబట్టి అందులో రెండు మందులున్నాయని పెద్దాయనకు తెలియదు. కాళ్లు ఉబ్బి చెప్పులు బిగుతైపోయాయని మాత్రం మాటల్లో అన్నారు, వయసు వల్లేమోలే అనుకున్నారట. ఆ రోజే ఆయన్ని డాక్టర్ దగ్గరికి పంపించాం, రక్త పరీక్షలో క్రియాటినిన్, అంటే కిడ్నీ సరిగ్గా వడపోస్తే బయటికి పోవాల్సిన వ్యర్థం, పెరిగి ఉంది. నొప్పి మాత్రలు రెండూ ఆపించారు, తర్వాత మెల్లగా తగ్గింది. అందరికీ అలా వెనక్కి తగ్గుతుందన్న హామీ మాత్రం లేదు.

ఇంకో సంగతి, ఈ మాత్రలు బీపీని కూడా పెంచుతాయి, బీపీ మందు పనిని తగ్గిస్తాయి. రెగ్యులర్‌గా మందు వేసుకుంటున్నా బీపీ ఎందుకు దిగడం లేదని టెన్షన్ పడుతూ, డాక్టర్ దగ్గర బీపీ మందు డోసు పెంచుకుంటూ పోయేవాళ్లు, తాము రోజూ వేసుకునే నొప్పి మాత్ర గురించి ఆ డాక్టర్‌కి చెప్పారా లేదా అని ఒకసారి గుర్తు చేసుకోండి. అడగలేదు కాబట్టి చెప్పలేదు అంటారు చాలామంది. అడగకపోయినా చెప్పాలి.

గుండె విషయం క్లుప్తంగానే చెబుతాను గానీ తేలిగ్గా తీసుకోవద్దు. రోఫెకాక్సిబ్ అనే మాత్ర కడుపుకి మంచిదని ఎంతో పేరు తెచ్చుకుంది, గుండెపోటు, పక్షవాతం ముప్పు పెంచుతోందని తేలాక 2004 సెప్టెంబరులో దాన్ని ప్రపంచమంతటా మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత చూస్తే ఆ ముప్పు దానికొక్కదానికే పరిమితం కాదు, ఈ కుటుంబంలో చాలావాటికి ఎంతో కొంత ఉంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2015లో హెచ్చరికను ఇంకా గట్టి చేసింది: వాడకం మొదలైన మొదటి వారాల్లోనే ముప్పు రావచ్చు, డోసు పెరిగేకొద్దీ, రోజులు పెరిగేకొద్దీ అదీ పెరగొచ్చు, గుండె జబ్బు లేనివాళ్లకూ రావచ్చు అని. యూరప్‌లో 2013 నుంచి గుండె జబ్బు ఉన్నవాళ్లకు, గుండెపోటు లేదా పక్షవాతం వచ్చినవాళ్లకు డైక్లోఫెనాక్ మాత్రలు ఇవ్వకూడదని నియమం పెట్టారు. స్టెంట్ వేయించుకున్నవాళ్లు ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఆ మాట మొదటే చెప్పాలి. గుండెకి ఆస్పిరిన్ వేసుకునేవాళ్లు ఐబుప్రోఫెన్ కలిపితే ఆస్పిరిన్ పనికి అది అడ్డుపడుతుంది, ఏది ముందు, ఎంత తేడాతో వేసుకోవాలో డాక్టర్‌నో ఫార్మసిస్టునో అడగకుండా రెండూ కలపొద్దు. ఛాతీలో నొప్పి, ఆయాసం, మాట తడబడటం, ఒక వైపు చేయి గానీ కాలు గానీ లాగేసినట్టు అవడం, వీటిలో ఏది కనిపించినా ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇక నా అసలు ఫిర్యాదు, రోజుల లెక్క. చీటీ మీద "5 రోజులు" అని రాసి ఉంటుంది. ఆరో రోజు నొప్పి మళ్లీ వస్తుంది, అదే చీటీతో ఇంకో స్ట్రిప్పు కొంటారు, నెల తర్వాత చీటీ కూడా అక్కర్లేదు, ఖాళీ స్ట్రిప్పు చూపిస్తే చాలు. ఇందులో మందులు అమ్మేవాళ్ల బాధ్యత ఉంది, నా వృత్తిలో ఉన్నవాళ్లే అయినా ఈ మాట అనక తప్పదు. కీటోరోలాక్ లాంటి మందైతే ఇంజెక్షన్, మాత్ర అన్నీ కలిపి ఐదు రోజులకు మించకూడదని స్పష్టంగా ఉంది, అలాంటి దాన్ని కూడా అడిగినన్ని రోజులు ఇచ్చే చోట్లున్నాయి. తలనొప్పికి వేసుకునేవాళ్లు ఇంకోటి తెలుసుకోవాలి. నెలలో సగం రోజులు, అంటే 15 రోజులో అంతకంటే ఎక్కువో, ఈ మాత్రలు వేసుకుంటూ కొన్ని నెలలు గడిస్తే మాత్రే తలనొప్పికి కారణమవుతుంది. ఇంకా వేసుకున్నకొద్దీ ఇంకా వస్తుంది.

నొప్పి తగ్గలేదని మధ్యలో ఇంకోటి వేసుకోవడం కూడా మామూలైపోయింది. ఐబుప్రోఫెన్ రెండు మూడు గంటల్లో రక్తంలో సగానికి పడిపోతుంది కాబట్టి దాన్ని రోజుకు మూడు సార్లు ఇస్తారు, పైరాక్సికామ్ సగానికి తగ్గడానికే రెండు రోజులు పడుతుంది, అందుకే అది రోజుకు ఒకటే. అలాంటి మాత్ర వేసుకున్న సాయంత్రం ఇంకోటి మింగితే పొద్దుటి మందు మీద ఇది పోగవుతుందే తప్ప ఉపశమనం రెట్టింపు కాదు. మర్చిపోయిన మాత్రకు బదులుగా రెండు కలిపి వేసుకోవడం కూడా అంతే, వద్దు. కీళ్ల వాపు ఉన్నవాళ్లకు నొప్పి త్వరగానే కొంత తగ్గినా, వాపు పూర్తిగా దిగడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు, కాబట్టి రెండో రోజుకే మందు పనిచేయలేదని తేల్చేయొద్దు. ఒక మాత్ర నిజంగానే పడకపోతే దాన్ని ఆపి ఇంకోటి మార్చే పని డాక్టర్ చేస్తారు. ఒకదాని మీద ఇంకోటి కలపడం కాదు, ఒకటి తీసి ఇంకోటి పెట్టడం. మాత్ర పెద్దగా ఉందని విరిచి, నూరి వేసుకునేవాళ్లు స్ట్రిప్పు మీద చూడండి, ఎస్ఆర్ అనో ఈసీ అనో పైపూత ఉన్నదనో రాసి ఉంటే అలా చేయకూడదు, మెల్లగా విడుదల కావాల్సిన మందంతా ఒక్కసారే బయటికొస్తుంది, లేదా పేగులో కరగాల్సింది కడుపులోనే కరుగుతుంది. గ్లాసు నిండా నీళ్లతో మింగాలి, మింగిన వెంటనే పడుకోకూడదు.

గర్భిణులకు ఇరవై వారాలు నిండాక ఈ మందులు వద్దు, బిడ్డ కిడ్నీ మీద ప్రభావం పడి ఉమ్మనీరు తగ్గుతుంది. ముప్పై వారాలు దాటాక బిడ్డ గుండె దగ్గరి రక్తనాళం ముందుగానే మూసుకుపోయే ప్రమాదం కూడా ఉంటుంది. డాక్టర్ ప్రత్యేకంగా రాసిన చిన్న డోసు ఆస్పిరిన్ సంగతి వేరు, దాన్ని సొంతంగా ఆపొద్దు. ఆస్పిరిన్ పడక ఆయాసం వచ్చిన ఆస్తమా రోగులకు ఈ కుటుంబంలో మిగతావీ పడకపోవచ్చు. డెంగీ అనుమానం ఉన్న జ్వరంలో ఇంట్లో మిగిలిన నొప్పి మాత్ర వేసుకుంటే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది, అప్పుడు పారాసెటమాలే. కీళ్లవాతం లాంటి జబ్బులకు మెథోట్రెక్సేట్, కొన్ని మానసిక జబ్బులకు లిథియం వాడేవాళ్లకు ఆ మందులు రక్తంలో పేరుకునే ప్రమాదం ఉంది, కాబట్టి డాక్టర్‌కి తెలియకుండా కలపనే కూడదు.

ఇదంతా చదివి భయపడి ఎవరూ రేపటి నుంచి మాత్రలు మానేయొద్దని కూడా అంతే గట్టిగా కోరుతున్నాను. వెన్నెముక కీళ్లు బిగుసుకుపోయే ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ లాంటి జబ్బుకు ముందుగా ఇచ్చేది ఈ మందులే, వాటివల్లే ఆ మనుషులు పొద్దున లేచి వంగగలుగుతున్నారు, పనులకు వెళ్లగలుగుతున్నారు. అలాంటివాళ్లు డాక్టర్ చెప్పినన్నాళ్లూ వాడాలి, కాకపోతే మధ్యమధ్యలో బీపీ, క్రియాటినిన్, హిమోగ్లోబిన్ చూపించుకుంటూ వాడాలి. నొప్పి భరించమని చెప్పే హక్కు ఎవరికీ లేదు. వీలైనంత తక్కువ డోసు, వీలైనన్ని తక్కువ రోజులు, అదీ లెక్క. మోకాలు, చేతి వేళ్ల లాంటి చోట్ల అరుగుదల నొప్పికి డైక్లోఫెనాక్ జెల్ సరిపోతుందేమో ముందు డాక్టర్‌ని అడగండి. రాసుకున్నప్పుడు రక్తంలోకి చేరేది మాత్రతో పోలిస్తే 6 శాతం దరిదాపుల్లోనే ఉంటుంది. పుండు మీద, కోసుకున్న చోట రాయకూడదు, రాశాక చేతులు కడుక్కోవాలి, చేతికే రాసుకుంటే కాసేపు ఆగి కడుక్కోవాలి.

సంపాదకులు గారూ, మిమ్మల్ని కోరేది పెద్దదేం కాదు. ఇకపై నొప్పుల మీద వ్యాసం వేసినప్పుడు రాసే డాక్టర్ గారిని మూడు విషయాలు తప్పకుండా రాయమనండి: ఆ మందు ఎన్నాళ్లు, బీపీ, షుగర్, గుండె మందులు వాడేవాళ్లు ఏం చెప్పి తీసుకోవాలి, ఏ గుర్తు కనిపిస్తే మాత్ర ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. షుగర్ ఎందుకంటున్నానంటే షుగర్ ఉన్నవాళ్లలో చాలామందికి తెలియకుండానే కిడ్నీ అప్పటికే కొంత బలహీనపడి ఉంటుంది. వ్యాయామాల బొమ్మల పక్కన ఒక చిన్న బాక్సులో నల్లటి విరేచనం, మూత్రం తగ్గడం, కాళ్ల వాపు, ఆయాసం, ఒంటి మీద బొబ్బలు, కళ్లు పచ్చబడటం అని పెద్ద అక్షరాల్లో వేస్తే చాలు, కత్తిరించి దాచుకునే అలవాటున్నవాళ్లు దాన్ని మందుల డబ్బా మూతకి అంటించుకుంటారు. ఆ బాక్సులో మాటలు సులువుగా, కళ్లజోడు లేకుండా చదివేలా ఉండాలి. అది రాసిపెట్టమంటే నేను రాసిస్తాను, నా పేరు వేయనక్కర్లేదు.

ఇట్లు,
మీ పాఠకురాలు, ఒక ఫార్మసిస్టు